వాళ్ళ గోడ మీద ఏం రాసి ఉంది?

(డాక్టర్ జాకీర్ హుసేన్ స్మారకోపన్యాసం)



జాకీర్ హుసేన్ గారు పుట్టింది ఈ హైదరాబాదులోనే, 1897 ఫిబ్రవరి 8న. తండ్రి ఇక్కడ వకీలు. ఆయన చనిపోయాక కుటుంబం ఉత్తరాదికి, తమ స్వస్థలం ఖాయంగంజ్‌కు వెళ్ళిపోయింది. రాష్ట్రపతిగా ఆయన ఫొటో మన బడుల గోడల మీద చూసిన తరం నాది. కానీ నాకు ఎక్కువ దగ్గరైన జాకీర్ హుసేన్ రాష్ట్రపతి కాదు. 1920లో అలీగఢ్ కాలేజీలో ఎమ్మే చదువుతూ, ఎక్కడో తుర్కీకి జరుగుతున్న అన్యాయం గురించి నిద్ర మానుకుని వాదించుకున్న ఇరవై మూడేళ్ళ కుర్రవాడు. ఆ కుర్రవాడి పేరు మీద మాట్లాడమన్నారు గనక ముస్లిం దేశాల్లో జరిగే సంగతుల మీద విద్యార్థులు పలికే మాట, రాసే రాత, ఇదే ఈరోజు నా విషయం.

'మీకెందుకురా ఆ గొడవలు, మన ఊళ్ళో సమస్యలు లేవా?' అని విద్యార్థుల్ని కసిరే పెద్దలు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళతో నేను ఏకీభవించను. దూరపు మనిషి కష్టం చూసి కదలని పిల్లవాడు పొరుగువాడి కష్టానికి కదులుతాడన్న నమ్మకం నాకు లేదు. పాఠం చెప్పినన్నాళ్ళూ మా కాలేజీ గోడపత్రికలో కాబూల్ గురించి, టెహరాన్ గురించి, గాజా గురించి రాసిన పిల్లల్నే నేను ఎక్కువ ఇష్టపడ్డాను. అయితే వాళ్ళ రాతల్లో ఒక లోటు మళ్ళీ మళ్ళీ కనిపించేది. కాబూల్ గురించి రాసేవాళ్ళు కాబూల్‌లోని విద్యార్థి తన దేశం గురించి ఏమంటున్నాడో తెలుసుకోకుండానే రాసేవారు. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క లోటు గురించే.

సిరియాకు దక్షిణాన, జోర్డాన్ సరిహద్దుకు దగ్గర్లో దరా అనే ఊరుంది. 2011 జనవరి 14న ట్యునీసియా అధ్యక్షుడు బెన్ అలీ దేశం విడిచి పారిపోయాడు. ఫిబ్రవరి 11న ఈజిప్టులో ముబారక్ గద్దె దిగాడు. ఆ వార్తలు రోజూ టీవీలో చూస్తున్న దరా పిల్లలు కొందరు తమ బడిగోడ మీద రంగుతో ఒక మాట రాశారు: 'ఇక నీ వంతు, డాక్టర్'. డాక్టర్ అంటే అప్పటి దేశాధ్యక్షుడు బషర్ అల్ అసద్. ఆయన చదివింది కంటి వైద్యం. వర్తమాన రాజకీయాల మీద ఇంతకంటే పొట్టి వ్యాఖ్యానం నేను చదవలేదు. రెండు దేశాల సంగతిని, తమ దేశంలో నలభై ఏళ్ళుగా ఒకే కుటుంబం ఏలుతున్న సంగతిని నాలుగు మాటల్లో కలిపి చెప్పారు ఆ పిల్లలు.

వాళ్ళను రాజకీయ భద్రతా విభాగం వాళ్ళు ఎత్తుకుపోయారు, చిత్రహింసలు పెట్టారు. విడిచిపెట్టమని అడగబోయిన పెద్దల్ని అవమానించి పంపారు. మార్చి 18న జనం వీధుల్లోకి వస్తే కాల్పులు జరిగాయి. ఆ తర్వాత పదమూడేళ్ళకు పైగా సాగిన యుద్ధంలో లక్షల మంది చనిపోయారు, దేశ జనాభాలో సగానికి మించి ఇళ్ళు విడిచారు. అసద్ మాస్కోకు పారిపోయింది 2024 డిసెంబరు 8న. పిల్లల గోడరాత వల్లే దేశం నాశనమైందనేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నేనా మాట ఒప్పుకోను. రాత మీద సున్నం కొట్టి పిల్లల్ని ఇంటికి పంపి ఉంటే అక్కడితో పోయేది. పిల్లల గోళ్ళు పీకే ప్రభుత్వానికి గోడరాత ఒక సాకు మాత్రమే.

దరా ముందుగా ఎందుకు చెప్పానంటే, ముస్లిం ప్రపంచం మీద వ్యాఖ్యానించే విద్యార్థి అనగానే మనకు ఇక్కడి విద్యార్థే తోస్తాడు. అక్కడి విద్యార్థి తోచడు. అతను మన వార్తల్లో బాధితుడిగానో మూకగానో వస్తాడు తప్ప ఆలోచించి మాట్లాడిన మనిషిగా రాడు. టెహరాన్ విశ్వవిద్యాలయంలో 1953 డిసెంబరు 7న ముగ్గురు విద్యార్థులు సైనికుల కాల్పుల్లో చనిపోయారు. అంతకు నాలుగు నెలల ముందే ప్రధాని మొసాదెక్‌ను కుట్రతో కూలదోశారు. దాని వెనక ఉన్న అమెరికా తన ఉపాధ్యక్షుడు నిక్సన్‌ను టెహరాన్‌కు పంపుతోంది, బ్రిటన్‌తో తెగిన సంబంధాలు మళ్ళీ కలుస్తున్నాయి. ఆ రెంటినీ తప్పుపట్టినందుకు ఆ ముగ్గురూ పోయారు. వాళ్ళ జ్ఞాపకంగా ఇరాన్‌లో ఇప్పటికీ విద్యార్థి దినం జరుపుకుంటారు. అప్పటి పాలకుడు షా పోయాడు, కొత్త పాలన వచ్చింది. 1999 జులైలో ఒక పత్రికను మూసేసినందుకు నిరసన తెలిపితే అదే విశ్వవిద్యాలయం వసతిగృహం మీద రాత్రివేళ దాడి జరిగింది. రెండు పాలనలూ ఒకదానికొకటి పూర్తి వ్యతిరేకమని చెప్పుకున్నవే. విద్యార్థి గది తలుపు మాత్రం రెండూ తన్నాయి.

ఇప్పుడు అలీగఢ్‌కు వస్తాను. ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడతాను, మన్నించాలి. మన దేశంలో విద్యార్థులు ఒక ముస్లిం దేశపు సంగతుల మీద మూకుమ్మడిగా గొంతెత్తిన తొలి చోట్లలో అది ఒకటి.

1911లో ఇటలీ తుర్కీ చేతిలోని ట్రిపోలీ మీదికి దండెత్తింది. 1912 అక్టోబరులో బాల్కన్ రాజ్యాలు కలిసి తుర్కీ మీద పడ్డాయి. కలకత్తాలో ఆజాద్ 'అల్ హిలాల్' మొదలుపెట్టింది ఆ ఏడు జులైలోనే. మహమ్మద్ అలీ 'కామ్రేడ్' పత్రికను అలీగఢ్ కుర్రాళ్ళు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చదివేవారు. హాస్టల్ మెస్సులో మాంసం మానేసి, అలా మిగిలిన డబ్బు తుర్కీ సహాయ నిధికి పంపారు. పద్దెనిమిదేళ్ళ వయసులో, సగం ఆకలితో, చూడని దేశం కోసం పప్పూ రొట్టెతో సరిపెట్టుకున్నారు. ఆ త్యాగం ముందు నేను తల వంచుతాను.

1912 చివర్లో డాక్టర్ అన్సారీ వైద్య బృందాన్ని తీసుకుని బొంబాయిలో ఓడ ఎక్కారు. అందులో అలీగఢ్ విద్యార్థులున్నారు. వాళ్ళలో అబ్దుర్ రహమాన్ పెషావరీ అనే యువకుడు సామాను అమ్ముకుని ప్రయాణపు ఖర్చు కూర్చుకున్నాడని చెబుతారు. బృందం 1913లో తిరిగొచ్చింది, అతను రాలేదు. తుర్కీ సైన్యంలో చేరాడు, గలిపోలీలో పోరాడాడు, కొత్త తుర్కీ తరఫున కాబూల్‌కు రాయబారిగా వెళ్ళాడు. చివరికి 1925లో ఇస్తాంబుల్‌లో తుపాకీ గుళ్ళకు బలయ్యాడు. రవూఫ్ అనే తుర్కీ నాయకుడని పొరబడి కాల్చారంటారు. మాట్లాడిన మాటకు తన బతుకు మొత్తం కట్టిపడేసిన విద్యార్థి అతను. ఏళ్ళ తరబడి ఆ దేశంలో, ఆ మనుషుల మధ్య ఉన్నాడు గనక అతనికి తెలిసిన తుర్కీ వేరు. అలీగఢ్ మెస్సులో కూర్చున్నవాళ్ళకు తెలిసిన తుర్కీ వేరు.

మెస్సులోని వాళ్ళకు తుర్కీ అంటే ఖలీఫా, మక్కా మదీనాల రక్షకుడు, యూరపుకు తలవంచని చివరి ముస్లిం రాజ్యం. మరి ఇస్తాంబుల్‌లో విద్యార్థులేం అనుకుంటున్నారు? 1889లోనే అక్కడి సైనిక వైద్య కళాశాల విద్యార్థులు నలుగురు రహస్య సంఘం పెట్టారు. వాళ్ళలో ఒకడు అల్బేనియావాడు, ఇద్దరు కుర్దులు, ఒకడు కాకసస్ వైపువాడు. సుల్తాన్ అబ్దుల్ హమీద్ అటకెక్కించిన రాజ్యాంగాన్ని తిరిగి తెప్పించడం వాళ్ళ కోరిక. ఆ సుల్తానే ఖలీఫా కూడా. అంటే అలీగఢ్ విద్యార్థి ఏ సింహాసనానికి మొక్కుతున్నాడో, ఆ సింహాసనం కాళ్ళు విరగ్గొట్టాలని ఇస్తాంబుల్ విద్యార్థి చూస్తున్నాడు. 1908లో విరగ్గొట్టారు కూడా. ఈ సంగతి అలీగఢ్‌కు చేరకపోలేదు. చేరింది గానీ మనసుకు ఎక్కలేదు.

అక్కడి విద్యార్థి అన్నాడు గనక అది నిజమైపోతుందని నేననడం లేదు. ఆ నలుగురిలో ఒకడైన మెహ్మెద్ రెషీద్ 1915లో దియార్‌బకిర్ గవర్నరుగా ఆర్మేనియన్లను ఊళ్ళకు ఊళ్ళు చంపించాడు. రాజ్యాంగం కావాలని రహస్యంగా చేతులు కలిపిన వైద్య విద్యార్థి, పాతికేళ్ళకు ఆ పని చేశాడు. ఖలీఫా పీఠాన్ని కాపాడాలని ఇక్కడ జరిగిన ఖిలాఫత్ సభల్లో ఆర్మేనియన్ల గోడు వినిపించలేదు. వినిపించి ఉండాల్సింది. మనం ఎవరి పక్షాన చందా పోగుచేస్తున్నామో వాళ్ళ చేతుల వైపు కూడా చూడాలి.

1920 అక్టోబరులో గాంధీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చారు. ఖిలాఫత్ కోసం, సహాయ నిరాకరణ కోసం సర్కారు సొమ్ము తినే కాలేజీని వదలండన్నారు. జాకీర్ హుసేన్ గారు ఢిల్లీ వెళ్ళి అజ్మల్ ఖాన్, అన్సారీల్ని కలిసి, మేం బయటికొస్తే మాకో జాతీయ విద్యాలయం పెడతారా అని అడిగారు. అక్టోబరు 29న జామియా మిల్లియా పుట్టింది. బ్రిటిషువాళ్ళ మాల్టా చెరలోంచి అంతకుముందే విడుదలైన మౌలానా మహమూద్ హసన్ జబ్బుతో ఉండి కూడా వచ్చారు, ఆయన ఉపన్యాసం ఇంకొకరు చదివి వినిపించారు. పిల్లలు డేరాల్లో చదువుకున్నారు. మన బందరు జాతీయ కళాశాల అప్పటికి పదేళ్ళది. కోపల్లె హనుమంతరావు గారు అక్కడ ఏం పాట్లు పడ్డారో తెలిసినవాళ్ళకు జామియా తొలినాళ్ళు వేరే చెప్పనక్కర్లేదు.

1924 మార్చి 3న అంకారా శాసనసభ ఖిలాఫత్‌ను రద్దుచేసింది. ఆ రాత్రికి రాత్రే చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌ను దేశం దాటించారు. ఎవరి కోసం ఇక్కడ విద్యార్థులు కాలేజీలు వదిలారో, జైళ్ళకు వెళ్ళారో, ఆ పీఠాన్ని తుర్కులే తీసేశారు. ఆ మాజీ ఖలీఫాకు నెలకు 300 పౌన్ల భరణం పంపింది మన ఏడో నిజాం. 1931లో నీస్ నగరంలో ఖలీఫా కూతురు దుర్రె షెహ్‌వార్‌తో పెద్ద కొడుక్కి, అదే వంశపు నీలోఫర్‌తో రెండో కొడుక్కి పెళ్ళిళ్ళు చేయించాడు. పిల్లల్ని చంకనేసుకుని నీలోఫర్ ఆసుపత్రి మెట్లెక్కే తల్లులకు ఈ ఊరికీ ఆ పీఠానికీ ఉన్న చుట్టరికం తెలియకపోవచ్చు. పాతబస్తీలో దుర్రె షెహ్‌వార్ పేరుతోనూ ఆసుపత్రి ఉంది.

ఖిలాఫత్ పోవడంతో ఆ ఉద్యమం డబ్బు మీద నడుస్తున్న జామియా మూతపడే స్థితికొచ్చింది. జాకీర్ హుసేన్ గారు అప్పుడు బెర్లిన్‌లో ఉన్నారు. తుర్కీ కోసం కాలేజీ విడిచిన ఆ విద్యార్థి డాక్టరేటుకు ఎంచుకున్న విషయం ఏమిటో తెలుసా? బ్రిటిషు ఇండియాలో వ్యవసాయ వ్యవస్థ. మన రైతు, మన భూమి, మన శిస్తు. దూరపు దేశం కోసం కదిలినవాడు ఇంటిని మరిచిపోతాడన్న వాదనకు ఇంతకన్నా మంచి జవాబు నాకు దొరకలేదు. 1926లో మిత్రులు ఆబిద్ హుసేన్, ముజీబ్‌లతో కలిసి తిరిగొచ్చి జామియా పగ్గాలు పట్టుకున్నారు. నెలకు 150 రూపాయలు మించని జీతంతో ఇరవై ఏళ్ళు పనిచేస్తామని ఆ అధ్యాపకులు రాసిచ్చారు. 1935లో ఢిల్లీలోని ఓఖ్లాలో జామియా భవనానికి శంకుస్థాపన ఏ నవాబు చేతా చేయించలేదు, బడిలో అందరికన్నా చిన్న పిల్లవాడి చేత చేయించారు.

ఇక మన రోజుల సంగతి. 2022 సెప్టెంబరు 16న టెహరాన్‌లో మహ్సా అమీనీ పోలీసు నిర్బంధం తర్వాత చనిపోయింది. తలగుడ్డ సరిగా కట్టుకోలేదని పట్టుకెళ్ళారు. ఆమె ఊరు సఖెజ్‌లో అంత్యక్రియల నాడు కుర్దీ భాషలో లేచిన 'స్త్రీ, జీవితం, స్వేచ్ఛ' అన్న నినాదాన్ని విశ్వవిద్యాలయాల అమ్మాయిలు అందుకున్నారు. ఆ ఏడాదే మన పక్క కర్ణాటకలోని ఉడుపిలో హిజాబుతో తరగతికి రానివ్వమని అమ్మాయిలు కోర్టుకెక్కారు. మార్చిలో హైకోర్టు కాదంది, అక్టోబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఇద్దరూ చెరో తీర్పు ఇచ్చారు. మా గోడపత్రికలో ఆ వారం రెండు రాతలు పక్కపక్కన వచ్చాయి. ఒకటి: 'చూశారా, అక్కడి అమ్మాయిలే తీసి కాలుస్తుంటే ఇక్కడ వీళ్ళకెందుకు?' రెండోది: 'ఇరాన్ గొడవంతా అమెరికా ఆడించే ఆట.' రెండూ తెలివిగా, చక్కటి తెలుగులో రాసినవే. రెంటిలోనూ ఇరాన్ అమ్మాయి లేదు. ఒకరికి ఆమె ఇక్కడి వాదన గెలవడానికి పనికొచ్చింది, ఇంకొకరికి ఆ వాదన నుంచి తప్పించుకోవడానికి అడ్డొచ్చింది. ఆమె అడిగింది ఒకటే: నా ఒంటి మీది గుడ్డ సంగతి ప్రభుత్వానికెందుకు? ఆ ప్రశ్న నేరుగా ఉడుపి అమ్మాయిదీ అవుతుంది. ఇద్దరినీ ఒకే వాక్యంలో నిలబెట్టే ధైర్యం ఆ వారం మా పిల్లల్లో ఎవరికీ రాలేదు.

ఢాకా విషయంలోనూ అంతే. 2024 జులైలో అక్కడి విద్యార్థులు ఉద్యోగాల్లో కోటాకు ఎదురు తిరిగారనగానే ఇక్కడ కొందరు చప్పట్లు కొట్టారు, రిజర్వేషన్లు పోవాలని వాళ్ళూ అంటున్నారు చూడండని. ఇంకొందరు అదే కారణంగా మండిపడ్డారు. ఢాకా విద్యార్థులు తిరగబడ్డది ప్రధానంగా 1971 విముక్తి యోధుల వారసులకిచ్చిన 30 శాతం మీద. పాలక పక్షం తనవాళ్ళకు ఉద్యోగాలు పంచుకోవడానికి అది దారి అయిందని వాళ్ళ ఆరోపణ. మన ఎస్సీ ఎస్టీ రిజర్వేషన్ల పుట్టుకకు, దానికి పోలిక లేదు. జులై 16న రంగపూర్‌లో అబూ సయీద్ అనే విద్యార్థి చేతులు చాచి పోలీసుల ఎదుట నిలబడి గుళ్ళు తిన్నాడు. జులై 21న వాళ్ళ సుప్రీంకోర్టు 93 శాతం ప్రతిభకు వదిలింది. యోధుల కుటుంబాలకు 5, ఆదివాసీ జాతులకు 1, వికలాంగులకూ హిజ్రాలకూ కలిపి 1. ఆ తీర్పులో స్త్రీల కోటా 10 శాతం ఎగిరిపోయింది. ఇది ఇక్కడి వ్యాఖ్యాతల్లో ఎంతమంది గమనించారు?

ఆగస్టు 5న ప్రధాని షేక్ హసీనా దేశం విడిచాక హిందువుల ఇళ్ళ మీద, గుళ్ళ మీద దాడులు జరిగాయి. అవి జరిగినవి, ఎవరూ బుకాయించకూడదు. వాటితో పాటు జరగని దాడుల వీడియోలు కూడా మన ఫోన్లలో తిరిగాయి. గుళ్ళ ముందు కాపలా కూర్చున్న విద్యార్థులూ ఉన్నారు, వాళ్ళలో మదరసా పిల్లలూ ఉన్నారు. ఈ మూడూ ఒకే వారంలో జరిగాయి. మూడింటినీ రాసినవాడి మాటకే నా దృష్టిలో విలువ.

గాజా గురించి మాట్లాడకుండా ఈ విషయం పూర్తికాదు. అక్కడ విశ్వవిద్యాలయాలన్నీ ధ్వంసమో, దెబ్బతినడమో జరిగింది. 2024 ఏప్రిల్ 17న న్యూయార్కు కొలంబియా విశ్వవిద్యాలయం పచ్చికలో గాజా యుద్ధాన్ని నిరసిస్తూ విద్యార్థులు గుడారాలు వేశారు. మర్నాడే పోలీసులు వచ్చి వందమందికి పైగా అరెస్టు చేశారు. తర్వాతి సంవత్సరం విదేశీ విద్యార్థుల వీసాల రద్దు మొదలైంది. జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవాళ్ళంతా తమ సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనపడేలా తెరిచి ఉంచాలన్నారు. ఈ దెబ్బ మన తెలుగు ఇళ్ళ గుమ్మంలోకే వచ్చింది. గుంటూరులో, కరీంనగర్‌లో, ఖమ్మంలో పొలం తాకట్టు పెట్టి పిల్లల్ని పంపిన తల్లిదండ్రులు ఫోన్లో బిడ్డ తిన్నాడా లేదా అని అడగకముందే 'నువ్వేం రాయకు నాన్నా, లైకులు కూడా కొట్టకు' అంటున్నారు. పాత పోస్టులు ఏళ్ళవారీగా కూర్చుని తుడిచేసుకున్న పిల్లలు నాకు తెలుసు. తల్లిదండ్రుల్ని నేను తప్పుపట్టను, లక్షల అప్పు వాళ్ళది. కానీ చిన్నపిల్లల శవాల ఫొటో చూసి 'అయ్యో' అనడానికి కూడా ఒక కుర్రవాడు భయపడే రోజు వచ్చిందంటే, ఆ భయాన్ని పుట్టించినవాళ్ళు తమది స్వేచ్ఛా దేశమని చెప్పుకునే హక్కు పోగొట్టుకున్నారు. ఇది గట్టిగానే అంటున్నాను. ఆ పిల్లలు అనలేకపోతున్నారు గనక నాబోటి వయసువాళ్ళు అనాలి.

మా కాలేజీకి కొన్నేళ్ళ కిందట కాబూల్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబాన్ల చేతికి పోయాక ఊరికి తిరిగి వెళ్ళే దారి లేక ఇక్కడే ఉండిపోయింది. 2022 డిసెంబరు 20న అక్కడ ఆడపిల్లలకు విశ్వవిద్యాలయాలు మూసేశారన్న వార్త వచ్చినప్పుడు మా పిల్లలు గోడపత్రిక నిండా రాశారు, చాలా ఆవేశంగా. ఆమె నిలబడి అంతా ఇంగ్లీషులో చెప్పించుకుని వింది. ఒక్కటే అడిగింది: 'మేడమ్, మా చెల్లెలు ఆ రోజు గేటు దగ్గర ఏం చేసిందో రాయచ్చా?' మా పత్రిక పెట్టిన ఇన్నేళ్ళలో ఆమెను ఎవరూ రాయమని అడగలేదు, నేను కూడా. ఆమె తన భాష దరీలో రాసింది, మా ఉర్దూ లెక్చరర్, ఇద్దరు పిల్లలు కూర్చుని దాన్ని తెలుగు చేశారు. రెండే పేజీలు. తాలిబాన్ కాపలావాడు కూడా ఆ చెల్లెలి వయసువాడేనని, ఆమె ముఖం చూడలేక పక్కకు తిరిగి 'పైనుంచి ఆజ్ఞ' అన్నాడని అందులో ఉంది. ఆ ఒక్క వివరం మా పిల్లల రాతల్లో ఎక్కడా లేదు, ఉండే వీలూ లేదు.

ఈ నగరంలోని విశ్వవిద్యాలయాల్లో ఆఫ్ఘన్లు, ఇరాకీలు, యెమెనీలు, సూడానీలు చదువుతున్నారు. హాస్టల్లో పక్క గదిలో ఉంటారు, అదే మెస్సులో సాంబారు అన్నం తింటారు. వాళ్ళ దేశం గురించి మనవాళ్ళు రాసేటప్పుడు వాళ్ళ తలుపు తట్టరు. ఇక్కడున్న అధ్యాపకులను, విద్యార్థి సంఘాలవాళ్ళను నేను అడిగేది ఇదే: ప్రతి కాలేజీ గోడపత్రికలో నెలకో పేజీ వాళ్ళకివ్వండి, వాళ్ళ భాషలో రాయనివ్వండి, మీరు తెలుగు చేయండి. తమ ప్రభుత్వాన్ని మెచ్చుకున్నా, తిట్టినా కత్తిరించకండి. పేరు వేయవద్దంటే వేయకండి, వాళ్ళకు ఇంటికి తిరిగి వెళ్ళాల్సిన అవసరం ఉంటుంది.

మొదటి పేజీకి సూడాన్‌ను తీసుకోండి. 2018 డిసెంబరులో రొట్టె ధర మూడు రెట్లయితే అత్బరా ఊళ్ళో బడిపిల్లలు వీధికెక్కారు. నాలుగు నెలలకు, ఏప్రిల్ 11న, ముప్ఫై ఏళ్ళు ఏలిన బషీర్ దిగిపోయాడు. తెల్లటి తోబ్ చుట్టుకుని కారు మీద నిలబడి చెయ్యెత్తిన ఆలా సలాహ్ అనే అమ్మాయి ఫొటో ప్రపంచమంతా చూసింది, ఆమె ఆర్కిటెక్చర్ విద్యార్థిని. జూన్ 3న ఖార్టూమ్‌లో ధర్నా శిబిరం మీద సాయుధ బలగాలు విరుచుకుపడ్డాయి. 2023 ఏప్రిల్ 15 నుంచి ఇద్దరు సేనానుల మధ్య యుద్ధంలో కోటిమందికి పైగా ఇళ్ళు విడిచారు. మన గోడపత్రికల్లో దీని మీద అనుకూలంగానూ రాత రాలేదు, వ్యతిరేకంగానూ రాలేదు. ఇక్కడి ఏ తగాదాకూ అది పనికిరాదు గనక. సూడాన్ విద్యార్థులు తార్నాక చుట్టుపక్కల అద్దె గదుల్లో ఉంటున్నారు. సెమిస్టరు సెలవులకు ముందే వెళ్ళి కలవండి.